రషెస్ లేని పుస్తకాలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నైపుణ్యాభివృద్ధి శాఖల మంత్రులకు,

హైదరాబాద్‌లో వీడియో ఎడిటింగ్ చేసుకుని బతికేవాణ్ణి. పనిలో సాయానికి కుర్రాళ్లను పెట్టుకుంటూ ఉంటాను. పోయినేడు ఒక అబ్బాయి వచ్చాడు. చేతిలో సర్టిఫికెట్, సంచిలో లావుపాటి స్పైరల్ బైండింగ్ పుస్తకం. మూడు నెలలు ఎడిటింగ్ నేర్చుకున్నాడట. చిన్న ఇంటర్వ్యూ ఒకటి కట్ చేయమన్నాను. ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీద పెట్టి మొదలెట్టాడు. మధ్యాహ్నం వాటిని వేరే ఫోల్డర్‌లోకి జరిపాడు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో తెర ఎర్రబడింది. ‘అంతా కరప్ట్ అయిపోయింది సార్’ అన్నాడు, ముఖాన నెత్తురు చుక్క లేదు. ఫైళ్లు ఎక్కడున్నాయో మళ్లీ చూపిస్తే అయిపోయే పని అది. మీడియా ఆఫ్‌లైన్ అని ఆ ఎర్ర తెర మీద చాలా భాషల్లో రాసి ఉంటుంది. తెలుగులో ఉండదు.

ఆ పుస్తకం తిరగేశాను. నిండా మెనూల పేర్లు. బొమ్మలన్నీ పాత వెర్షన్‌వి, ఎదురుగా ఉన్న తెరతో పొంతన లేదు. ఫుటేజ్ ఎక్కడ దాచాలి, ఏ పేరు పెట్టాలి అన్న మొదటి రోజు పాఠం ఎక్కడా లేదు. రీలు రోజుల్లో అసిస్టెంట్ పని అక్కడే మొదలయ్యేది: ముక్కలకు నంబర్లు వేయడం, ఎడిటర్ అడగ్గానే తీసి ఇవ్వడం. అబ్బాయిని ఏమీ అనబుద్ధి కాలేదు.

అన్నిటికన్నా పెద్ద లోటు, ఆ పుస్తకంతో రషెస్, అంటే కట్ చేయని ముడి ఫుటేజ్, ఇవ్వలేదు. గట్టు మీద నిలబెట్టి ఈత నేర్పినట్టే. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ తన శిక్షణ పుస్తకాలనూ, అభ్యాసానికి కావలసిన వీడియో ఫైళ్లనూ ఉచితంగానే ఇస్తోంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో డబ్బు కట్టనక్కర్లేని వెర్షన్ కూడా ఉంది. (మంచి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాబ్ కంప్యూటర్ల మీద అది మొరాయిస్తుంది. అక్కడ కేడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో మొదలెట్టండి.) చిన్న వీడియో చూడటం, ఆపడం, పక్కనే తానూ చేసి చూడటం అన్న పద్ధతి కావాలంటే ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ ఉంది. తెలుగు పాఠాలూ ఉన్నాయి.

బయటి పుస్తకం ఎంత మంచిదైనా మన చిక్కులు దానికి తెలియవు. ప్రీమియర్‌లో తెలుగు టైటిల్ వేస్తే ఒక్కోసారి ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌లో సౌత్ ఏషియన్ ఎంపిక పెడితే కుదురుకుంటాయి. ఈ ఒక్క వాక్యం తెలియక, టైటిళ్లను ఫొటోషాప్‌లో బొమ్మలుగా చేసి అతికించుకునే వాళ్లను చూశాను. డీటీపీ షాపు నుంచి అనూ ఫాంట్లలో వచ్చిన మేటర్ పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. ఫోన్‌లో తీసిన పెళ్లి వీడియోలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు కాబట్టి పోనుపోను మాట ఒకచోట, పెదవి ఒకచోట. మా దగ్గరికి వచ్చే పని చాలావరకు ఇదే.

మీటలు మాత్రమే బట్టీ పట్టించే పుస్తకానికి ఇంకో ప్రమాదం ఉంది. 2011లో ఆపిల్ ఫైనల్ కట్ ప్రో 7ను ఆపేసి సరికొత్త రూపంతో ఫైనల్ కట్ ప్రో ఎక్స్ తెచ్చినప్పుడు టైమ్‌లైనే మారిపోయింది. మాట పూర్తికాకముందే వినేవాడి ముఖానికి ఎందుకు వెళ్లాలో తెలిసినవాడికి మాత్రం ఆ కట్ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అదే.

కాబట్టి నా కోరిక ఒకటే. టెండరులో పేజీలూ ధరా చూసి శిక్షణ పుస్తకాన్ని కొనకండి. మౌస్ పట్టడం వచ్చి ఎడిటింగ్ రాని ఇద్దరికి ఆ పుస్తకమిచ్చి, ఒక రోజు కూర్చోబెట్టండి. సాయంత్రానికి రెండు నిమిషాల వీడియో చేతికిస్తే కొనండి. చేయలేకపోతే ఏ పేజీ దగ్గర ఆగిపోయారో రాసుకుని వెనక్కి పంపండి.

తెలుగు రషెస్ లేవంటారేమో. మా ఊరి సంతలో నేను తీసిన ఫుటేజ్ నలభై నిమిషాలుంది. గాలి హోరు, వణికిన షాట్లు, మధ్యలో కెమెరాకు అడ్డమొచ్చిన ఎద్దు, అన్నీ ఉన్నాయి. అడిగితే హార్డ్‌డిస్క్‌తో సహా తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక ఎడిటర్