భయం వెయ్యలేదా వదినా?

రెండు వారాల కిందట మా ఆడపడుచు ఉక్కునగరం నుంచి ఫోన్ చేసింది. మామూలుగా అయితే ఆవిడ ఫోన్ చేస్తే కూరలతో మొదలై పిల్లల చదువుల దాకా అరగంట నడుస్తుంది. ఆ రోజు మాత్రం రెండే ముక్కలు. "వదినా, గర్భసంచి తీసెయ్యాల్సిందేనన్నారు. తేదీ కూడా ఇచ్చేశారు." కాసేపాగి, "నీకప్పుడు భయం వెయ్యలేదా?" అంది.

"భయమా? ఛ. కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయింది" అన్నాను.

ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఈ మధ్యకాలంలో అంత పెద్ద అబద్ధం నేనాడలేదు. 2022 నవంబరులో నాకు ఆపరేషన్ అయింది. అంతకు ముందు ఇరవై రోజులు నేను పడ్డ భయం ఈ భూమ్మీద ఇంకెవరూ పడి ఉండరనుకునేదాన్ని. అదంతా నేనెవరికీ చెప్పలేదు. చెబితే వచ్చే సమాధానం ముందే తెలుసు కదా... "ఏం కాదులే!"

మా ఇంటికి నాలుగడుగుల దూరంలో ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఉంది. ఆపరేషన్‌కి ముందు వారం రోజులు సాయంత్రాలు అక్కడే గడిపాను. ఇంట్లో కూర్చుంటే వచ్చిన ప్రతివాళ్లూ "ఏం కాదులే" అనడం వినలేక వెళ్లేదాన్ని గానీ, చదివేద్దామని కాదు. చుట్టూ బ్యాంకు పరీక్షలకీ గ్రూప్స్‌కీ తయారయ్యే పిల్లలు తల దించుకుని చదువుకుంటుంటే, మధ్యలో నలభై మూడేళ్ల నేను, వేడినీళ్ల సంచీ పెట్టీ పెట్టీ నల్లగా కమిలిన పొట్టతో!

నా జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. నెలనెలా గర్భసంచి లోపల ఒక పొర పెరిగి రాలిపోతుంది కదా, అలాంటి పొరే బయట ఎక్కడెక్కడో మొలుస్తుంది. ఓవరీల మీద, గర్భసంచి వెనక, పేగుల మీద, మూత్రాశయం మీద... నెలసరి వచ్చినప్పుడల్లా అదీ అక్కడే రక్తం చిమ్ముతుంది. దానికి బయటికి దారి ఉండదు. వాపు, మచ్చ కట్టడం, లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోవడం. ఓవరీలో ఆ పాత రక్తం గడ్డ కడితే దాన్ని చాక్లెట్ సిస్ట్ అంటారు. అమెరికాలో జాన్ శాంప్సన్ అనే డాక్టరు 1921లోనే వీటి గురించి రాశాడు. వందేళ్లు దాటిపోయాయి. అయినా చాలామంది ఆడవాళ్లకి జబ్బు పేరు తెలిసేసరికే ఏళ్లు గడిచిపోతున్నాయి. సంతానం కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో పదిమందికి ఒకరికి ఇది ఉంటుందని, ప్రపంచంలో అలాంటివాళ్లు 19 కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

మనిళ్లల్లో దీనికి పేరు లేదు. "పెళ్లయితే తగ్గుతుంది" అన్నారు. పెళ్లయింది. "ఒక కాన్పయితే తగ్గుతుంది" అన్నారు. అదీ అయింది. ఆ తర్వాత "ఈవిడకి నొప్పి ఓర్చుకోవడం రాదు" అన్నారు.

మనమే కాదు లెండి. ఇంగ్లండులో హిలరీ మాంటెల్ అనే గొప్ప రచయిత్రి ఉండేవారు. 2009లో ఒకసారి, 2012లో ఇంకోసారి బుకర్ ప్రైజు అందుకున్నారు. ఆవిడ చదువుకునే రోజుల్లో నొప్పి అని డాక్టర్ల దగ్గరికి వెళితే మనసు బాగాలేదని మానసిక రోగులకిచ్చే మందులిచ్చారు. చివరికి బోట్స్‌వానాలో ఉన్నప్పుడు వైద్య పుస్తకాలు తిరగేసి తన జబ్బేమిటో తనే కనిపెట్టుకున్నారు. 27 ఏళ్లకి గర్భసంచీ, ఓవరీలూ తీసేశారు. అయినా జబ్బు మళ్లీ తిరగబెట్టింది. 2003లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో ఇదంతా రాసుకున్నారావిడ. నాకు ధైర్యం రావాలని ఎవరో ఆవిడ కథ చెప్పారు. "మళ్లీ తిరగబెట్టింది" అన్న దగ్గరే నా గుండె జారిపోయింది. ఇంత కోత కోయించుకున్నాక కూడా నొప్పి అలాగే ఉంటే?

ఇంకో భయం మా పనిమనిషి వల్ల వచ్చింది. ఆవిడది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. నా మొహం చూసి "ఏటమ్మా అలగున్నావు?" అంది. చెప్పాను. చీపురు పక్కన పెట్టి నవ్వింది.

"దీనికేనా? నాకు ముప్పైరెండేళ్లకే తీసేసినారు. తెల్లబట్టవుతోందని ఎల్తే, కేన్సరొచ్చేస్తాది తీయించేసుకో అన్నారు."

"భయం వెయ్యలేదా?"

"భయపడ్డానికి టయిమెక్కడిదమ్మా? పొద్దున ఎల్తే మజ్జేనానికి తీసేసినారు. అప్పట్నించే ఈ నడుం ఇలగైపోనాది."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. తెలంగాణలో ఎనిమిది మంది. ఈ విషయంలో మనమే ముందు! తెల్లబట్టకీ, మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్లకీ కూడా సంచులు తీసేస్తున్నారని ఎన్నో ఏళ్లుగా గొడవ ఉంది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా, అనవసరంగా ఈ ఆపరేషన్లు చెయ్యకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చెయ్యమని రాష్ట్రాలను ఆదేశించింది. నా ఆపరేషన్ నాటికి ఆ తీర్పు ఇంకా రాలేదు. నా ముందున్న ప్రశ్న ఒక్కటే. ఆ తొమ్మిదిమందిలో నేను ఏ లెక్కలోకొస్తాను? అవసరమైనవాళ్లలోకా, అక్కర్లేనివాళ్లలోకా?

అందుకే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాను. మొదటి డాక్టరమ్మకి కోపమొస్తుందేమోనని రెండు రోజులు తటపటాయించాను. చీర కొనడానికి నాలుగు షాపులు తిరిగేవాళ్లం, ఒంట్లోంచి ఒక అవయవం తీయించుకోవడానికి ఒక్క షాపు చాలనుకుంటాం చూడండి! పాత ఫైలు మొత్తం పట్టుకెళ్లాను. పదేళ్ల కిందట లాప్రోస్కోపీలో చాక్లెట్ సిస్ట్ తీశారు. తర్వాత మాత్రలు, ఇంజెక్షన్లు, గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ సాధనం... అన్నీ అయ్యాయి. ఎమ్మారై తీస్తే గర్భసంచి గోడలోనే ఎడినోమయోసిస్ అనే ఇంకో తంటా. హిమోగ్లోబిన్ ఎనిమిది. మొదటి డాక్టరేమన్నారో ఈయనకి చెప్పలేదు. అంతా చూసి ఆయన కూడా ఆపరేషనే అన్నారు. సగం బరువు అక్కడ దిగింది.

మిగతా సగం ఆయన చెప్పిన మాటతో దిగింది. నిజానికి అది భయపెట్టే మాటే. "గర్భసంచి తీస్తే ఎండోమెట్రియోసిస్ పోతుందని గ్యారంటీ లేదమ్మా. రక్తస్రావం ఆగుతుంది, ఎడినోమయోసిస్ పోతుంది. కానీ బయట మొలిచినవి బయటే ఉంటాయి కదా. వాటిని కూడా ఉన్నచోట నుంచి తీయాలి. అలా తీసే అనుభవం ఉందా అని మీ సర్జన్‌ని అడగండి" అన్నారు. ఇరవై రోజుల్లో నాతో "ఏం కాదులే" అనని మొదటి మనిషి ఆయనే. విచిత్రమేమిటంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు కరెంటు బిల్లు వెనకాల ప్రశ్నలు రాసుకున్నాను. పొట్ట కోసి చేస్తారా, చిన్న రంధ్రాలతోనా? రక్తం ఎక్కించాల్సి వస్తుందా? మూత్రం గొట్టం ఎన్నాళ్లు? తీసిన ముక్క బయాప్సీకి పంపిస్తారా? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, ఓవరీలు ఉంచుతారా, తీసేస్తారా?

ఈ చివరి ప్రశ్న దగ్గర కాస్త ఆగుతాను. ఎందుకంటే మనలో చాలామంది ఇది అడగనే అడగరు. గర్భసంచీ, ఓవరీలూ ఒకటే అనుకుంటారు. గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగిపోతుందంతే, హార్మోన్లు ఓవరీల్లోంచి వస్తూనే ఉంటాయి. రెండు ఓవరీలూ తీసేస్తే మాత్రం ఆ రోజే ముట్లుడిగినట్టు. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ముందు ముందు ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు. అలాంటప్పుడు హార్మోన్ మందులు వాడాలా అన్నది మళ్లీ డాక్టరుతో మాట్లాడుకోవాలి. అలాగని ఉంచెయ్యమనీ కళ్లు మూసుకుని చెప్పలేం. ఓవరీలుంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఎటు చూసినా ఎంతో కొంత నష్టమే. ఏ నష్టాన్ని మోయగలమో మనమే చెప్పాలి. నేను, బాగున్న ఓవరీని ఉంచెయ్యమని, పాడైనదాన్ని తీసెయ్యమని సంతకం పెట్టాను. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది గానీ, ఎందుకు పెడుతున్నానో తెలిసి పెట్టాను.

ఆ ముందు రాత్రి ద్వారకానగర్‌లోనే ఒక నర్సింగ్‌హోంలో చేరాను. కిటికీలోంచి ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు వెళ్లే బస్సుల హారన్లు. బీపీ చూసిన సిస్టరమ్మ "ఏంటమ్మా ఇంతుంది?" అంటూ కళ్లు పెద్దవి చేసింది. చచ్చేంత భయంగా ఉందని అప్పుడు నోరు విప్పాను. ఆ పిల్ల వెళ్లి మత్తు డాక్టరు గారిని తీసుకొచ్చింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"దేనికి భయం? నొప్పికా?"

"మత్తులోంచి లేవనేమోనని."

ఆయన నవ్వలేదు. "ఇంజెక్షన్ ఇచ్చేసి నేను టీ తాగడానికి వెళ్లిపోతాననుకుంటున్నారా? ఆపరేషన్ అయినంతసేపూ మీ తల దగ్గరే ఉంటాను. మీ గుండె, బీపీ, ఆక్సిజన్ చూస్తూ ఉండడమే నా ఉద్యోగం. మీకు మెలకువ వచ్చి, మీ పేరు మీరు చెప్పాకే నేను కదిలేది" అన్నారు. నలభై మూడేళ్లొచ్చినా ఈ సంగతి నాకు తెలియదు. సినిమాల్లో ఎర్రలైటు వెలగడం తప్ప లోపలేం జరుగుతుందో ఎవరు చూపించారు గనక? పొద్దున ఏం జరుగుతుందో వరసగా అడిగాను. ఎప్పటినుంచి ఏమీ తినకూడదు, ఎవరు తీసుకెళతారు, లోపల చలిగా ఉంటుందా (ఉంటుంది, దుప్పటి అడిగితే ఇస్తారు), కళ్లు తెరిచేసరికి ఎక్కడుంటాను. భయం పోలేదు. బీపీ మాత్రం కొంచెం దిగింది.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఆసుపత్రికి బయల్దేరే ముందు మా అమ్మాయికి ఒక కాగితం రాసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఎల్ఐసీ బాండ్లు ఎక్కడున్నాయి, లాకరు తాళం ఎక్కడుంది, గ్యాస్ పుస్తకం ఏ సొరుగులో ఉంది... రాస్తూ ఏడ్చాను. నాలుగో రోజు ఇంటికొచ్చాక, ఎవరూ చూడకుండా చింపేద్దామని డబ్బా మూత తీస్తే, కాగితం కింద మా ఆయన దస్తూరీతో ఒక లైను ఉంది. "గ్యాస్ పుస్తకం సొరుగులో లేదు. టీవీ కింద ఉంది." ఆయన దాని గురించి ఇవాల్టిదాకా మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

తర్వాతి కథ మామూలే. సాయంత్రానికే లేపి నడిపించారు. కాళ్లలో రక్తం గడ్డ కట్టకుండా అట. ఆరు వారాలు నీళ్ల బిందె ఎత్తొద్దన్నారు. చూడ్డానికొచ్చినవాళ్లు వంకాయ తినకు చీము పడుతుందని, ఇక లావైపోతావని, కళ్లు మసకేస్తాయని ఎవరికి తోచింది వాళ్లు చెప్పి కాఫీ తాగి వెళ్లారు. "పిల్ల పుట్టేసిందిగా, ఇంకా దాంతో పనేముంది" అన్న మహాతల్లి కూడా ఉంది. నిజమే, పనేం లేదు. అయినా మూడో వారంలో ఒక మధ్యాహ్నం, ఎందుకో తెలియకుండా గంటసేపు ఏడుపొచ్చింది. నన్ను పాతికేళ్లు ఏడిపించిన అవయవం కోసం ఏడవడమేమిటో! నొప్పి నూటికి తొంభై పాళ్లు పోయింది. మిగిలిన పది పాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడూ పలకరించి పోతుంటుంది.

ఇదంతా గుర్తొచ్చి, అబద్ధం చెప్పిన మర్నాడు నేనే ఆడపడుచుకి ఫోన్ చేశాను.

"నిన్న నీకు అబద్ధం చెప్పాను. చాలా భయం వేసింది. బియ్యం డబ్బాలో ఉత్తరం కూడా పెట్టాను."

అవతల నుంచి కాసేపు మాట లేదు. తర్వాత "హమ్మయ్య" అంది. ఆ వెంటనే ఏడుపు. ఏడుపు మధ్యలోనే ఒక్కో ప్రశ్నా బయటికొచ్చింది. తనకి ముప్పైతొమ్మిదే కదా, ఇంకో డాక్టరుకి చూపిస్తే ఈ డాక్టరు ఏమనుకుంటారో... మాత్రలు ఆర్నెల్లే వాడింది, ఇంకా వాడి చూడొచ్చా... అన్నిటికన్నా చివర, గొంతు తగ్గించి, "మా చిన్నదానికి కూడా వస్తుందా వదినా? దానికీ నెల నెలా నాలాగే నొప్పి" అంది. తల్లికుంటే కూతురికి వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువేనని డాక్టర్లు అంటారు. ఈసారి "ఏం కాదులే" అనలేదు. "దాన్ని కూడా వెంటబెట్టుకురా, చూపిద్దాం" అన్నాను.

ఇవాళ మధ్యాహ్నానికి తల్లీకూతుళ్లిద్దరూ ద్వారకానగర్ వస్తున్నారు. రేపు ఉదయం రెండో డాక్టరు దగ్గర నంబరు తీసుకున్నాం. ఫైలు మర్చిపోకుండా తెమ్మన్నాను. తన దగ్గర కరెంటు బిల్లు లేదని, ప్రశ్నలు రాసుకోవడానికి మా ఇంట్లోది ఒకటి తీసి ఉంచమంది.