మనోవ్యథకు మాతృభాష

2025 జూలై 25వ తేదీన సుప్రీంకోర్టువారు వెలువరించిన తీర్పొకటి మన సంఘీయులందరును చదివించుకొని వినదగినది. వైద్యకళాశాల ప్రవేశపరీక్షకై వంగదేశమునుండి విశాఖపట్టణము చేరి, వసతిగృహమున నుండి చదువుకొనుచు, 2023లో ప్రాణము కోల్పోయిన బాలిక విషయమున పుట్టిన వ్యాజ్యమది. నూర్గురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయందును శిక్షణ పొందిన కౌన్సెలరు ఒక్కరైన నుండవలెననియు, మార్కులను బట్టి పిల్లలను జట్లుగా విడదీయుట, పదిమందిలో చిన్నబుచ్చుట వీలైనంతవరకు మానవలెననియు న్యాయమూర్తులు ఆదేశించిరి. 2022వ సంవత్సరమున మన దేశమున బలవన్మరణము పాలైన విద్యార్థులు 13,044 మంది యని ప్రభుత్వపు లెక్క. ఆదేశమునకు వేరొక కారణము చెప్పనక్కరలేదు.

నాయకరాజుల కాలమునుండి మధుర, కోయంబత్తూరు సీమలలో కాపురమున్న మనకు ఈ తీర్పునందు ప్రత్యేకముగా ఆలోచింపవలసిన దొకటి కలదు. కౌన్సెలరు వచ్చును సరే; మన బిడ్డ ఆయనతో ఏ భాషలో మాటలాడును? ఇంట తెలుగు, వీథిలో తమిళము, బడిలో ఇంగ్లీషు. 2006వ సంవత్సరపు చట్టముచే బడులలో తమిళము తప్పనిసరి యయినది. ఆ భాష నేర్చుటకు మనకు అభ్యంతరము లేదు. మన వ్యాపారమంతయు అందే నడచుచున్నది. కాని బేరమాడు భాష వేరు, ఏడ్చు భాష వేరు. దూరమైనవారిని తలచుకొని కుములుట మన అవ్వలకు బెంగ. రాబోవుదానిని గూర్చి క్రుంగుట దిగులు. కారణము తెలియక గుండె అదరుట గుబులు. బడిలో ఈ మూడింటికిని ‘టెన్షన్’ అను మాట యొక్కటే. బెంగపడిన బిడ్డకును గుబులుపడిన బిడ్డకును ఒకే ఓదార్పు పనికిరాదు గదా!

కావున మన పెద్దల యాజమాన్యమున నున్న బడులైనను కౌన్సెలరును నియమించునప్పుడు తెలుగు తెలిసినవారిని వెదకవలెను. చిన్న బడులు నాలుగు కలిసి యొకరిని పెట్టుకొన్నను మేలే. అంతవరకు 14416 అను టెలిఫోను సంఖ్య యున్నది. కేంద్రప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10వ తేదీన ‘టెలి మానస్’ అను పేర నెలకొల్పిన ఈ సేవ రేయింబవళ్లు ఉచితముగా లభించును. అందలి భాషలలో తెలుగు ఒకటి. పిల్లల డైరీ మొదటి పుటలో ఈ సంఖ్యను వ్రాసి యుంచుడు.

పిల్లల సంగతి చెప్పినంత తేలికగా పెద్దల సంగతి చెప్పలేకున్నాము. ఈ వ్రాయు మేమును దుకాణదారులమే. మా యొద్ద పదునొకండేండ్లు పద్దులు వ్రాసిన గుమాస్తా యొకప్పుడు వరుసగా కూడికలు తప్పసాగెను. గల్లాపెట్టె లెక్క కుదరలేదు. నలుగురి యెదుట గద్దించితిమి, జీతమున కోసితిమి. ఆయనకు మూడు మాసములుగా నిద్ర లేదని, భార్య మంచము పట్టినదని, పని మానిన తరువాత ఇతరులు చెప్పగా తెలిసినది. అడిగియున్న చెప్పెడివాడు. మేమడుగలేదు. దుకాణములలో దినమంతయు నిలుచుండువారికి కూర్చుండుటకు ఆసనము వేయవలెనని 2021లో తమిళనాడు శాసనసభ చట్టము చేయవలసివచ్చినదన్న, మనబోటి యజమానుల మనసెట్టిదో ఊహింపవచ్చును. నూలుమిల్లులలో రాత్రి షిఫ్టు చేయుచు హాస్టళ్లలో నుండు ఆడపిల్లల సంగతి మరియొక వారము వ్రాయుదుము.

ప్రభుత్వ కొలువులలో మనవారనగా గుమాస్తాలు, ఉపాధ్యాయులు మాత్రమే కారు. ఈ నగరములను శుభ్రపరచు అరుంధతీయులలో అనేకుల యింటిభాషయు తెలుగే. మన ఉగాది సభలకు వారిని పిలుచుట అరుదు. ఇది మన సంఘమునకు మచ్చ. తెల్లవారకముందే పని, దుర్గంధము, దానిపైన జనుల ఈసడింపు: ఇవి మనసును తినివేయకుండునా? నగరపాలక సంస్థవారు వారికి వైద్యశిబిరము పెట్టినప్పుడు, మనసెట్లున్నదని తెలుగున అడుగు మనిషి నొకరిని గూడ కూర్చుండబెట్టుడని కోరవలసినది మనమే.

ఇక సిగ్గు. ఇంట నొకరికి మతి చెదరినదన్న పెండ్లి సంబంధములు తప్పునని దాచెదము. గుణశీలము క్షేత్రమున నలువదియెనిమిది దినములుంచెదము. వైద్యుని యొద్దకు మాత్రము కొనిపోము. దైవమును కొలువ వద్దని మేమనము. కాని 2001 ఆగస్టు 6వ తేదీన రామనాథపురము జిల్లా ఏర్వాడిలో గొలుసులతో కట్టబడిన రోగులు 28 మంది పరుగెత్తుటకు వీలులేక అగ్నికి ఆహుతియైరి. వారిని అచట విడిచివచ్చినవారు పగవారు కారు; కన్నవారు, తోబుట్టువులు. మధుర రాజాజీ ఆస్పత్రియందును, కోయంబత్తూరు ప్రభుత్వ వైద్యకళాశాల ఆస్పత్రియందును మానసిక వైద్యవిభాగములు కలవు. మనోవ్యాధికిని శరీరవ్యాధితో సమముగా బీమా ఇయ్యవలెనని 2017వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. బీమా పత్రములు పెట్టెలో నున్నవారు ఒకసారి తీసి చూచుకొనుడు.

తమ కష్టనివారణకై రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము ప్రజలకిచ్చినది. బడులలోను, ప్రభుత్వ ఆస్పత్రులలోను తెలుగెరిగిన కౌన్సెలర్లను నియమింపుమని జిల్లా కలెక్టర్లకు తెలుగున వ్రాసిన అర్జీ సంఘ కార్యాలయమున నున్నది. సాయంకాలము దుకాణములు కట్టిన పిమ్మట వచ్చి చేవ్రాలు చేయవచ్చును. తెలుగు మాటలాడుటయే గాని వ్రాయనేర్వనివారు మనలో మెండు. వారు తమిళమున చేవ్రాలు చేసినను చెల్లును.