పొరుగువారైన అతిథులు

కరీబియన్ సముద్రంలోని జమైకా దీవికి దక్షిణ తీరాన ఉన్న ట్రెజర్ బీచ్ కొన్ని బెస్తపల్లెల కూడిక. రెండు రోజుల యాత్రికునికి అక్కడ కనిపించేది సముద్రమే. పిల్లాపాపలతో నెలల తరబడి మకాం వేసిన కుటుంబానికి వానకు ముఖం వాచిన నేల కూడా కనిపిస్తుంది. ఆ ఎర్రమట్టిలో తేమ ఆరిపోకుండా రైతులు మొక్కల మొదళ్లలో గినీ గడ్డి పరచి పుచ్చకాయలు, ఉల్లికాడలు పండిస్తారు. పొరుగింటివారు ఆదరంతో వడ్డించే మేకమాంసం కూర, 1845 నుండి ఒప్పందపు కూలీలుగా వచ్చిన భారతీయులతో ఆ దీవికి చేరిన వంటకం.

2024 జూలై 3న బెరిల్ తుపాను ఆ పల్లెలలో అనేక ఇళ్ల కప్పులను ఎగురగొట్టింది. లోకానికి అది ఒకనాటి వార్త. అక్కడ కాపురముండి వచ్చినవారికి మాత్రం, ఎవరి ఇల్లు నిలిచిందో, ఎవరి పడవ మిగిలిందో అన్న దిగులు.