పైరవీ చేతిలో పెట్టిన అధికారం

ఉప్పల్ నుంచి నారపల్లి దాకా వరంగల్ రోడ్డు మీద ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. ఆ స్తంభాల కింద మనం ఏళ్ల తరబడి దుమ్ము మింగాం, గుంతల్లో బండ్లు ఈడ్చాం. అది జాతీయ రహదారి అన్నారు, పనులు గుత్తేదారువి అన్నారు. అధికారం ఇంతమంది దగ్గర ఉన్నా జవాబు చెప్పేవాళ్లు కరువయ్యారు.

నాచారంలో నాలా పొంగినా ఇదే తంతు. రోడ్డు నగరపాలక సంస్థది, మంచినీళ్లు జలమండలివి, పరిశ్రమల వ్యర్థాలు కాలుష్య నియంత్రణ మండలివి. మనం ఓటేసేది కార్పొరేటర్‌కి. నగరపాలక సంస్థను నడిపే అధికారాలు రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమిషనర్‌వి. 2007లో ఉప్పల్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాక పాలకమండలి మన వీధికి ఇంకా దూరమైంది. 3 లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది. మన వార్డులో ఆ కమిటీ ఎప్పుడు కూర్చుందో ఎంతమందిమి అడిగాం?

2020 డిసెంబర్ 1న గ్రేటర్ ఎన్నికల్లో సగం మంది ఓటర్లు కూడా పోలింగ్ కేంద్రానికి రాలేదు. రానివాళ్ల అధికారం గాలిలో కలిసిపోలేదు. వచ్చినవాళ్లకు, వాళ్లను తెచ్చినవాళ్లకు దక్కింది.

అంతకంటే పెద్ద తప్పు ఓటు వేశాక జరుగుతోంది. మనకు హక్కుగా రావాల్సిన నల్లా కనెక్షన్‌కి, పింఛనుకి, వీధి దీపానికి ‘అన్న’ చేత ఫోన్ చేయిస్తున్నాం. పని కాగానే దండం పెడుతున్నాం. హక్కును మేలుగా అందుకున్న ప్రతిసారీ మన అధికారం కొంత ఆ అన్న జేబులోకి పోతోంది. అనుమతి లేని అంతస్తు కోసం పైరవీ చేయించుకున్నవాళ్లం, రేపు నాలాను ఆక్రమించినవాణ్ని ఏ నోటితో నిలదీస్తాం? పైరవీకి మనిషి దొరకని బస్తీ మాత్రం వానాకాలమంతా మోకాళ్ల లోతు నీళ్లలో ఉంటోంది. ఆ నీళ్లలో మన వాటా పాపం ఉంది.

అందుకే ఇకనుంచి ఒక్కొక్కరం వెళ్లి ప్రాధేయపడటం మానేద్దాం. కాలనీ సంఘం సమావేశానికి పక్క బస్తీవాళ్లను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుందాం. దరఖాస్తు అందరి పేరా పెడదాం, రసీదు తీసుకుందాం. 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలోనే ఉంది. వార్డులో ఏ పనికి ఎంత ఖర్చయిందో అడిగి, ఆ లెక్క అందరి ముందూ చదువుదాం. మన ఇంటికి మాత్రమే లాభమయ్యే తప్పుడు పనిని, చేసిపెడతామని వాళ్లే వచ్చినా, వద్దందాం.

అధికారం ఎవరిదని అడిగే ముందు, మనది మనం ఎవరికి, ఎంత చవకగా అప్పగించామో లెక్క చూసుకుందాం. ఆ లెక్క తేలితేనే నలుగురం కలిసి వెళ్లి దాన్ని తిరిగి అడగగలం.