మహిళాలోకము: లిండా చేపట్టిన కెమేరా

భర్త కీర్తి మిక్కిలి గొప్పదైనచో భార్య చేసిన పని పట్టపగలు వెలిగించిన దీపమువలె కంటికి గానరాదు. బీటిల్సు అను ఆంగ్ల గాయకబృందములోని పాల్ మెకార్ట్నీ భార్యగా లిండాను లోకమెల్ల నెఱుగును. ఆయనను పెండ్లాడుటకు పూర్వమే యామె తన చేతిపనివలన పేరొందినదని యెఱిగినవారు కొందఱే.

లిండా ఈస్ట్‌మన్ 1941 సెప్టెంబరు 24వ తేదీన అమెరికాలో న్యాయవాది యింట జన్మించెను. ఇంటిపేరునుబట్టి యామెను కొడాక్ కెమేరాల ఈస్ట్‌మన్ వంశీయురాలని పలువురు తలంచిరి. ఆ వంశముతో ఆమె కెట్టి సంబంధమును లేదు. 1962లో తల్లి విమానప్రమాదమున మరణించెను. ఆ యేటనే లిండాకు వివాహమై, సంవత్సరాంతమున ఆడుబిడ్డ కలిగెను. 1965లో ఆ వివాహబంధము తెగిపోయెను.

తల్లి లేదు, భర్త లేడు, ఒడిలో పసిబిడ్డ గలదు. తండ్రి సంపన్నుడే యైనను, ఆమె తన బ్రదుకు తాను చూచుకొన నెంచినది. ఆరిజోనాలోని టూసాన్ పట్టణమున హేజల్ ఆర్చర్ అను నామెవద్ద ఛాయాగ్రహణము నభ్యసించి యుండెను. న్యూయార్కు చేరి ‘టౌన్ అండ్ కంట్రీ’ పత్రిక కార్యాలయములో చిన్న యుద్యోగమున గుదిరెను.

1966లో రోలింగ్ స్టోన్స్ అను బృందమువారు హడ్సను నదిపై నొక నావలో పత్రికలవారిని కలిసికొనిరి. విద్యుద్గిటారులతోను డోలుల మ్రోతతోను యువజనుల నుఱ్ఱూతలూగించు ‘రాక్’ సంగీతము వారిది. కార్యాలయమునకు వచ్చిన యాహ్వానమును లిండా తాను గైకొని, కెమేరాతో నావ యెక్కెను. ఛాయాచిత్రములు తీయువారిలో లోనికి ప్రవేశము దొరకినది ఆమె కొక్కతెకే. ఆ దినముతో నామె వృత్తి యారంభమయ్యెను.

ఆమె పద్ధతి సులభమైనది. కృత్రిమ దీపముల నాశ్రయింపక, ఉన్న వెలుతురులోనే చిత్రము తీయును. ఇట్లు నిలువుము, అట్లు నవ్వుమని శాసింపదు. మనుష్యుడు తన్ను తాను మఱచిన క్షణమునకై వేచియుండును. జిమీ హెండ్రిక్స్, జానిస్ జోప్లిన్, జిమ్ మారిసన్ అను గాయకుల నట్లే చిత్రించెను. వీరు మువ్వురును 1970, 1971 సంవత్సరములలో ఇరువదియేడేండ్ల ప్రాయముననే గతించిరి. వారి యౌవనము ఆ చిత్రములలో నేటికిని నిలిచియున్నది.

1968 మే 11వ తేదీని ‘రోలింగ్ స్టోన్’ పత్రిక ముఖచిత్రముగా ఆమె తీసిన ఎరిక్ క్లాప్టన్ చిత్రము వెలువడెను. ఆ పత్రిక ముఖపత్రమున నొక స్త్రీ తీసిన చిత్రము ప్రకటితమగుట అదియే ప్రథమము. 1969 మార్చి 12వ తేదీన జరిగిన వివాహమునకు పదినెలల ముందటి మాట యిది.

పిమ్మట సంసారము, నలుగురు బిడ్డల పెంపకము నామెను చుట్టుకొన్నను కెమేరా మూలబడలేదు. భర్త కోటులోనుండి తొంగిచూచు పసికందు మేరీ చిత్రము 1970లో ఆయన పాటల రికార్డు అట్టవెనుక ముద్రితమయ్యెను. ఆ మేరీయే పెరిగి తానును ఛాయాగ్రాహిణి యయ్యెను. 1992లో లిండా తన పూర్వచిత్రములను గ్రంథముగా వెలువరించెను. రొమ్ము పుండువ్యాధిచే 1998 ఏప్రిల్ 17వ తేదీన మరణించెను.

సోదరీమణులారా! ఆనాటి యాహ్వానపత్రిక బల్లమీద పడియుండిన దొక కాగితము మాత్రమే. దానిని చేతబట్టి వెళ్లుటకు లిండాకు ధైర్యమిచ్చినది ముందుగా నేర్చియుంచుకొన్న విద్య. మన బాలికలకు వివాహమునకు ముందే యొక పని చేతనైనచో, కష్టకాలమున నది తోడు నిలుచును. సుఖకాలమున ఇంటికి వన్నె తెచ్చును.