చుట్టపుచూపు

చిన్నప్పుడు ఏటా సంక్రాంతికి మేనత్త వచ్చేది. వాకిట్లో కాళ్లు కడుక్కుంటూనే నన్ను చూసి, 'అబ్బో, ఎంత ఎదిగిపోయావురా!' అనేది. ఆ వెంటనే అమ్మ వైపు తిరిగి, 'ఏం వదినా, ఇలా చిక్కిపోయావేం?' అని అడిగేది. అమ్మ 'ఏం లేదులే' అంటూ వంటింట్లోకి వెళ్లిపోయేది. రోజూ ఆమె చేతి ముద్ద తినే మాకు మాత్రం ఏ తేడా కనిపించేది కాదు.

కొండలూ అంతే. కొన్ని కొండవాలులు ఏడాదికి కొద్ది సెంటీమీటర్ల చొప్పున జారుతూనే ఉంటాయి. వాటిమీద మేకలు మేపుకునేవాళ్లకూ ఆ సంగతి తెలియదు. ఆ మట్టిలో పూడ్చిన గ్యాసు గొట్టానికి మాత్రం తెలుస్తుంది. కాస్త వంగుతుంది, కాస్త సాగుతుంది. పైకి ఏమీ అనదు. కొండ జారితే ఆ గొట్టం ఏమవుతుందో 2017 జులై 2న చైనాలోని గుయిజౌ రాష్ట్రంలో చూశారు. వానలకు నేల జారి పైపులైను తెగి పేలింది. ఎనిమిది మంది పోయారు.

ఇప్పుడు కొండలకూ ఓ మేనత్త దొరికింది. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం, 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ పన్నెండు రోజులకోసారి మళ్లీ అదే చోటికి వస్తుంది. చీకటైనా, మబ్బు పట్టినా దాని రాడార్ చూపు ఆగదు. కిందటిసారి చూసినదాన్ని ఈసారి చూసినదానితో పోలిస్తే, నేల సెంటీమీటరు జరిగినా బయటపడుతుంది. ఆ కదలికకు మట్టి తీరునూ వాననూ ఉక్కు బలాన్నీ జోడించి, గొట్టం ఎంతవరకు ఓర్చుకుంటుందో కంప్యూటర్లో లెక్క కడతారు.

అన్నిటినీ అది పట్టుకోలేదు. నైసార్ ఎగరడానికి సరిగ్గా ఏడాది ముందు, అదే జులై 30 తెల్లవారుజామున వయనాడ్‌లో కొండ విరుచుకుపడింది. ఒక్క ఊపున ముంచుకొచ్చే బురద, చుట్టం వచ్చేదాకా ఆగదు కదా. నిదానంగా జరిగేవాటినే ఈ చూపు కనిపెడుతుంది.

ఇళ్లలో జరిగేవీ చాలామటుకు నిదానంగా జరిగేవే. నాన్న మెట్టెక్కడానికి గోడ పట్టుకోవడం, అక్క ఫోన్లో మాట తగ్గించడం. ఏ రోజుకారోజు నిన్నటిలాగే ఉంటుంది. పక్కనే ఉండటం వల్లే మనకు ఆనవు.

ఓ సంక్రాంతికి అత్త 'ఏం లేదులే' అన్న మాట వినలేదు. పట్టుబట్టి అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయిందన్నారు. అందరి కంచాలూ నిండాక మిగిలిందే అమ్మ తినేది. రోజూ మా కళ్లముందే తినేది.