ఆ పుస్తకం ఏ సంవత్సరంది?

గోస్పాడులో మా చిన్నాన్న కొడుకు ఈఎంటీ ట్రైనింగ్‌కి పోతున్నాడు. 108 అంబులెన్సులో పని చేయాలని వాడి కోరిక. ముందే చదువుకుందామని నంద్యాలలో సెకండ్ హ్యాండ్‌లో ఓ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం కొని, వీడియో కాల్‌లో చూపించాడు. "అన్నా, ఇది చాలునా?"

సంవత్సరం చూడమన్నా. 2008. గుండె ఆగితే ముందు శ్వాసదారి, తర్వాత ఊపిరి, ఆ తర్వాతే ఛాతీ నొక్కడం అని ఉంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లోనే ఆ వరస మార్చేసింది. ముందు నొక్కడమే. ఇప్పటి లెక్క నిమిషానికి 100 నుంచి 120 సార్లు. మా సాఫ్ట్‌వేర్‌లో పాత వెర్షన్ వాడితే ఎర్రర్ వస్తుంది, సరిచేసుకుంటాం. ఇక్కడ మనిషి పోతాడు.

పాముకాటు పాఠం ఇంకా తమాషా. అన్నీ అమెరికా పాములే! మన దగ్గర ఎక్కువగా ప్రాణం తీసేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు కూడా ఆ నాలుగింటికే. రాత్రిపూట మడికి నీళ్లు కట్టను పోయే రైతును ఎక్కించుకునేవాడికి కావాల్సింది ఇది కదా.

ఎముకలు, కండరాల చాప్టర్లు మాత్రం చదువుకోమన్నా. అవేం మారవు. మిగతాది కోర్సులో ఏ పుస్తకం చెప్తారో అడిగి, కొత్త ఎడిషనే కొనమన్నా.

"ఇంగ్లీషు అర్థం కావట్లేదన్నా" అన్నాడు చివర్లో, మెల్లగా. అసలు సంగతి అదన్నమాట. ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్లో ఇద్దరం కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పుకుంటున్నాం. నిన్న కట్లపాము దగ్గర ఆగాం.